పక్క కొట్టు సగటు, మన కొట్టు పన్ను

బార్ నడిపేవాడు గల్లాపెట్టెలో పడ్డ డబ్బు దాచగలడేమో గానీ, హోల్‌సేలర్ దగ్గర కొన్న సీసాలను దాచలేడు. 750 మిల్లీలీటర్ల సీసాలో ఇంచుమించు 25 ఔన్సులుంటాయి. పెగ్గుకు ఔన్సున్నర చొప్పున 16 పెగ్గులు. ఒలికినదీ ఊరికే పోసినదీ తీసేసి, మిగిలినదాన్ని ధరతో గుణిస్తే అమ్మకం బయటపడుతుంది. పుస్తకాలు సరిగా రాయని వ్యాపారి ఆదాయాన్ని ఇలా కొనుగోళ్ళ మీద లాభశాతం వేసి కట్టడాన్ని అమెరికా కోర్టులు ఎన్నడో ఒప్పుకున్నాయి. చిక్కల్లా ఆ శాతం ఎవరిదన్నదే. ఆ బార్ ధరల పట్టికలోంచి తీసినదైతే సరే. ఊళ్ళో మిగతా బార్ల సగటైతే?

సగటులను పద్ధతిగా పోగెయ్యడం అమెరికా కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్ 1960లలో మొదలుపెట్టింది. గుడ్డిగా ఎంచిన వేలాది రిటర్నులను వరస వరసా తనిఖీ చేసి, ఆ లెక్కల మీద 1969లో ‘డిఫ్’ స్కోరు తెచ్చింది. దాని సూత్రం ఇప్పటికీ రహస్యమే. చెప్పనక్కర్లేదని 1981లో చట్టమే చేశారు. అయితే ఆ స్కోరు పన్ను వెయ్యదు, ఎవరి తలుపు తట్టాలో మాత్రమే చెబుతుంది.

1990లలో అడుగు ముందుకు పడింది. రెస్టారెంటుకొకటి, లాండ్రీకొకటి అన్నట్టు ఆడిటర్లకు వ్యాపారాలవారీగా చేతిపుస్తకాలు తయారయ్యాయి. ఇల్లెంతది, కారేది అని బతుకు తీరునూ ఆరా తీశారు. గోల పెరిగి కాంగ్రెస్ 1998లో కళ్ళెం వేసింది: దాచిన ఆదాయం ఉందనడానికి ఏదో ఒక ఆధారం కనబడితే తప్ప ఆ ఆరాలు కూడవు; సంబంధంలేని ఇతరుల గణాంకాలతోనే ఒక వ్యక్తి ఆదాయాన్ని కడితే, కోర్టులో రుజువు చేసే భారం ప్రభుత్వానిదే. ఈ రెండోది వినడానికి గట్టి రక్షణే. కానీ అది వ్యక్తులకే, కంపెనీలకు కాదు. పైగా వ్యాపారి సొంత కాగితం ఒక్కటి కలిపినా ఆ ‘తోనే’ ఎగిరిపోతుంది.

సొంత కాగితం ఎంత దూరం లాగుతుందో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫియోర్ డిటాలియా రెస్టారెంటుకు తెలిసొచ్చింది. 1991లో వెయిటర్లు చూపిన టిప్పులు 2,47,181 డాలర్లు. ఐఆర్ఎస్ ఆ రెస్టారెంటు క్రెడిట్ కార్డు రసీదులే తీసి, టిప్పు సగటున 14.49 శాతమని తేల్చి, నగదు బిల్లులకూ అదే వర్తింపజేసింది. లెక్క 4,03,726కు చేరింది. నగదు ఇచ్చేవాళ్ళు టిప్పు తక్కువ వేస్తారని యజమానుల వాదన. అందులో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. 2002లో సుప్రీంకోర్టు మాత్రం 6-3తో ఐఆర్ఎస్ పక్షానే నిలిచింది.

ఇక కార్డు అమ్మకాల వివరాలు 2011 లావాదేవీల నుంచి 1099-కె ఫారాల్లో నేరుగా ఐఆర్ఎస్‌కే చేరుతున్నాయి. ఇలాంటి వ్యాపారాల్లో నగదు వాటా ఇంతుండాలి, మీది తక్కువుందేమని 2012లో సుమారు 20,000 చిన్న వ్యాపారాలకు ఉత్తరాలు వెళ్ళాయి.

టెక్సస్‌లో గ్యాస్ స్టేషను, కన్వీనియన్స్ స్టోరు పెట్టుకున్న మనవాళ్ళకు మాత్రం ఐఆర్ఎస్ కంటే, సేల్స్ ట్యాక్సు వసూలుచేసే రాష్ట్ర కంప్ట్రోలర్ ఆఫీసు దగ్గరి సంగతి. 2007 చట్టం ప్రకారం బీరు, వైను, సిగరెట్ల హోల్‌సేలర్లు ఏ కొట్టుకు ఎంత అమ్మారో ఆ ఆఫీసుకు నివేదించాలి. 1998 నాటి రుజువు నియమం రాష్ట్ర సేల్స్ ట్యాక్సుకు పట్టదు. గిరాకీ కోసం బీరును అసలు ధరకే ఇచ్చేసే కొట్టు, అలా ఇచ్చినట్టు రిజిస్టరు టేపులు దాచుకోకపోతే, ఆడిటర్ వేసిన లాభశాతమే ఖాయమవుతుంది.