వాటాధనం – వార్ధక్యం

దేహబలం ఉడిగిన తరువాత జీవనానికి ఆధారమేమన్న ప్రశ్న నేటిది కాదు. మన పెద్దలు పొలాన్నీ, బంగారాన్నీ, బిడ్డలనూ నమ్ముకొన్నారు. పదిహేడవ శతాబ్దారంభంలో హాలండు ప్రజలకు మరొక ఆధారం లభించింది. అది వర్తక సంఘంలో వాటా.

1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ స్థాపితమైనది. మూలధనం దాదాపు 64 లక్షల గిల్డర్లు. అందులో గొప్ప వర్తకుల సొమ్మే కాదు, ఆమ్‌స్టర్‌డాంలోని ఒక పనిమనిషి వ్రాయించిన నూరు గిల్డర్లు కూడా ఉన్నవి. ఆ ధనంతో బయలుదేరిన నావలు 1605 నాటికి మన మచిలీపట్నం చేరినవి. ఆంధ్ర తీరపు నేతగాండ్రు, అద్దకపువారు సిద్ధపరచిన వస్త్రాలను తూర్పు దీవులకు తీసుకొనిపోయి, వాటికి బదులు సుగంధద్రవ్యాలు కొన్నారు. హాలండులో పంచుకొన్న లాభంలో మనవారి చెమట కూడా కలిసి ఉన్నదన్నమాట.

అయితే ఆ లాభం తొందరగా రాలేదు. వాటాదారులు 1610 వరకు వేచి ఉండవలసివచ్చింది. వచ్చినది సైతం చాలవరకు నాణేలుగా కాక జాపత్రిగా, మిరియాలుగా వచ్చింది! ఓర్చుకొన్నవారికి ఫలితం దక్కింది. 1606 నాటి వాటాపత్రం ఒకటి 2010లో హోర్న్ పట్టణపు దస్తావేజులలో బయటపడ్డది. 1650 వరకు ముట్టిన లాభాంశాలు దానిలో నమోదై ఉన్నవి.

ఇక్కడ ఒక మెలకువ గ్రహించాలి. లాభాంశం లెక్కించేది మూల విలువపైన. నూరు గిల్డర్ల వాటాపై నలభై వస్తే నూటికి నలభై. అదే వాటాను బజారులో వేయి గిల్డర్లకు కొన్నవానికి నూటికి నాలుగే.

పద్ధెనిమిదవ శతాబ్దంలో కంపెనీ రాబడి క్షీణించింది. కాని లాభాంశం తగ్గిస్తే పరువు పోతుందని, అప్పులు తెచ్చి మరీ పంచారు. వాటాదారులు మాత్రం అన్నీ సవ్యంగానే ఉన్నవనుకొన్నారు. 1780లో ఇంగ్లండుతో యుద్ధం రాగా గుట్టు బయటపడ్డది. 1782 తరువాత లాభాంశమే లేదు. 1799 చివర కంపెనీయే అంతరించింది. దానిపైననే ఆధారపడిన వృద్ధుల గతి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

కనుక వార్ధక్యానికై వాటాలు కొనేవారు ఎంత ముడుతున్నదని మాత్రమే చూస్తే చాలదు. అది సంపాదన నుండి వచ్చినదా, అప్పు నుండి వచ్చినదా అని విచారించాలి. ఎంత మంచి సంస్థ అయినా సర్వస్వాన్నీ ఒకదానికే అప్పగించరాదు. పండ్లు కోసుకొనేవాడు ఏడాదికొకసారి చెట్టు వేళ్ళను కూడా చూసుకోవాలి.