పెరటి పక్షుల లెక్క

మాఘమాసపు చలి తగ్గుముఖము పట్టు వేళ ఎలమంచిలి పెరళ్లలో పిచ్చుకలు, పికిలిపిట్టలు, గోరువంకలు ప్రొద్దుననే సందడి చేయును. నిత్యము చూచు పిట్టలను లెక్కింపనేల యని మనమనుకొందుము. ఈ యుపేక్ష తగదని కడప సీమలోని కలివికోడి చరిత్ర చెప్పుచున్నది. 1848లో శాస్త్రజ్ఞులు దానిని వర్ణించిరి. 1900 పిదప అది వారి కంటబడక పోగా, నశించినదనియే తలచిరి. 1986లో స్థానిక వేటగాండ్ర తోడ్పాటుననే అది మరల దొరకినది. ఎరిగినవారు ఊరిలోనే యుండిరి. అడిగి వ్రాసికొన్నవారే లేకపోయిరి.

ఆ కొరత తీర్చు మార్గమొకటి నేడు కలదు. 1998లో ఉత్తర అమెరికాలో ఆరంభమైన పెరటి పక్షుల గణన 2013 నుండి ప్రపంచమంతట ఫిబ్రవరిలో నాలుగు దినములు జరుగుచున్నది. పదునైదు నిమిషములు నిలిచి, కనబడిన పిట్టల లెక్క వ్రాసి పంపిన చాలును. మన పెరటి పిచ్చుకలెన్నియో నేడు వ్రాసియుంచనిచో, రేపవి తగ్గినవని చెప్పుటకు మనకు ఆధారముండదు.