శబరి ఒడ్డున వెదురు విల్లు

2022 జూలైలో శబరి మా చింతూరులోకి వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులవి. గోదావరి అంత పొంగితే శబరికి ముందుకు పోయే దారి ఉండదు, ఎగదన్ని మా ఇళ్లలోకి వస్తుంది. బియ్యం బస్తాలు, పిల్లల సర్టిఫికెట్లు, మేకలు పట్టుకుని మెరకకు ఎక్కాం. అటక మీద పొగచూరి ఉన్న మామ విల్లు ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక వచ్చి చూస్తే మోకాలిలోతు బురద ఉంది, విల్లు లేదు.

మామకు అప్పటికే డెబ్బై దాటాయి. "పోతే పోయిందిలే అల్లుడా, వెదురు పోలేదుగా" అన్నాడు. ఆ చలికాలమే ఇంకో విల్లు మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని చివరిదాకా చూశాను. మా ఊరి చరిత్ర రాయమని నన్ను చాలాకాలంగా అడుగుతున్నారు. నాకు తెలిసిన చరిత్ర ఆ విల్లులోనే ఎక్కువ ఉంది.

కాగితాల మీద మా చరిత్ర వేరు. మేం కదలకుండానే మా తాలూకా చేతులు మారుతూ వచ్చింది. 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసుకు, 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మానికి, 2014లో మళ్లీ తూర్పుగోదావరికి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు. మద్రాసు కిందికి వచ్చాక పోడు మీద పన్ను పెరిగింది, అడవికి ఆంక్షలు వచ్చాయి. 1879లో రంప పితూరీ మా వైపు రేకపల్లి దాకా పాకడానికి అదొక కారణం. ఈ కథలన్నిటిలో విల్లు ఆయుధంగానే కనిపిస్తుంది. గోడల మీద బొమ్మల్లో మావాళ్లు విల్లెత్తి తుపాకికి ఎదురు నిలబడి ఉంటారు. ఆ ధైర్యం నిజం. కానీ 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా పడింది తుపాకుల కోసమే. విల్లు ఎక్కడిదాకా పనికొస్తుందో విల్లు పట్టినవాళ్లకు బాగా తెలుసు. మా ఇళ్లలో అది ఉన్నది కూర కోసం, చేను కాపలా కోసం, పండుగ కోసం.

మా కొండల్లో వెదురు రెండు రకాలు. ముళ్ల వెదురు లావుగా ఉంటుంది, లోపలంతా బోలు. నిచ్చెనకు, పందిరికి అది చాలు. విల్లుకు కావలసింది సాధన వెదురు. సన్నగా, గోడ మందంగా, మొదలు దగ్గర దాదాపు గట్టికర్రలాగే ఉంటుంది. వెదురు తన ఎత్తంతా ఒక్క వానాకాలంలోనే పెరిగేస్తుంది. ఆ తర్వాత పెరగదు, ముదురుతుంది. అందుకని పొదలో పొడుగు చూసి ఎంచుకుంటే మోసపోతాం. మామ మూడేళ్లు దాటిన కర్ర కోసం పొద చుట్టూ తిరిగాడు. కత్తి మడమతో కొట్టి చెవి పెట్టాడు. లేతది మెత్తగా పలుకుతుంది, ముదురుది ఖంగుమంటుంది. వానలు వెనకబట్టాక, అమావాస్య ముందు కొట్టాలన్నది ఆయన పట్టింపు. చంద్రుడి సంగతి నేను చెప్పలేను గాని, వానల తర్వాత కర్రలో పిండి తగ్గుతుంది, పుచ్చుపురుగుకు తిండి దొరకదు. మిగిలిన పిండి కూడా పోవాలని కర్రను వాగులో రాళ్లకింద తొక్కిపెట్టి రెండు వారాలు నాననిచ్చాడు.

నా చిన్నప్పుడు ఇలాంటి ఒక్క కర్ర కోసం మామ చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవాడు. అదే కొండ మీంచి కాగితం మిల్లులకు లారీల కొద్దీ వెదురు దిగేది. దాన్ని కొట్టిందీ మావాళ్లే, కూలికి. కూలికి కొడితే పని, విల్లుకు కొడితే నేరం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చి, సేకరించుకునే హక్కు అడవిలో ఉండేవాళ్లదని రాసింది. ఆ ముక్క మామ నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

కర్ర ఆరాక నిలువునా చీల్చి, మొదలు వైపు నుంచి బద్ద తీశాడు. పొడవు ఆయన భుజం దాకా. పిడికిలి పట్టుకు అటూ ఇటూ కణుపుల లెక్క సమానంగా వచ్చేలా రెండు కొనలూ కోశాడు. పచ్చతోలు వైపు మాత్రం కత్తి తగలనివ్వలేదు. వెదురు బలమంతా ఆ తోలు కింద దట్టంగా ఉన్న నారలోనే ఉంది, లోపలికి పోయేకొద్దీ అది పలచబడిపోతుంది. విల్లు వంగినప్పుడు బయటి ముఖం సాగుతుంది, మనవైపు ముఖం నలుగుతుంది. సాగే వైపు తోలు ఉంచి, నలిగే వైపే చెక్కుకుంటూ పోవాలి. నడుమ మందంగా, కొనలకు పోయేకొద్దీ సన్నంగా.

ఇక్కడిదాకా కత్తి పట్టడం వచ్చిన ఎవరైనా చేస్తారు. విల్లయ్యేదీ కట్టెగా మిగిలేదీ ఆ తర్వాతి పనిలోనే. మామ పొద్దునపూట గోడ ముందు నిలబడి బద్దను కొంచెం వంచేవాడు, దాని నీడ గోడ మీద చూసేవాడు. కన్ను మోసపోయినా నీడ చెప్పేస్తుందట. పట్టుకు ఒకవైపు చెయ్యి కొబ్బరాకులా వంగి, రెండోది బిగుసుకుని ఉంటే, బిగుసుకున్న చోట నాలుగు పొరలు గీకి, మళ్లీ వంచి, మళ్లీ నీడ. లొంగిన చోటు జోలికి పోకూడదు. అక్కడ ఒక్క పొర తీసినా తిరిగి అతికేది లేదు, రెండోవైపు కూడా తగ్గించుకుంటూ పోవాలి. చివరికి పిల్లలు ఆడుకునే విల్లు మిగులుతుంది. రెండు చేతులూ ఒక్కలాగా లొంగేదాకా పూర్తిగా లాగనూ కూడదు. పద్నాలుగేళ్లప్పుడు నేను తొందరపడి లాగాను. పట్టుకు బెత్తెడు పైన ఫెళ్లున విరిగింది. మామ తిట్టలేదు. విరిగిన రెండు ముక్కలూ నా చేతికిచ్చి, ఎక్కడ మందం మిగిలిపోయిందో వేలితో తడిమి చూడమన్నాడు. ఆ గడ్డ ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. ఈసారి విల్లుకు ఆ నీడ పని ఒక్కదానికే ఆయనకు తొమ్మిది పొద్దులు పట్టింది.

నారి అంటే తాడు అనుకుంటారు చాలామంది. మా దగ్గర అదీ వెదురే. నున్నటి తోలుబద్దను చిటికెనవేలి గోరులో సగం వెడల్పుకు చెక్కి, రెండు చివరలా అడ్డనార పేని కొంకి కడతారు. అడ్డాకులు విస్తళ్లు కుట్టడానికి సంతకు వెళ్తాయి, ఆ తీగ నార మాకు తాళ్లవుతుంది. తాడు సాగుతుంది, వెదురు నారి సాగదు. విల్లు అన్న మాట కూడా ఆ నారిలాంటిదే. తమిళంలో విల్, కన్నడంలో బిల్లు, గోండిలోనూ విల్లే. మా కోయ మాట గోండికి దగ్గరి చుట్టం. ఎన్ని జిల్లాలు మారినా ఈ మాట మారలేదు.

ఆఖరి పని నునుపు. గాజుపెంకుతో గీకి, గరగరలాడే బరింక ఆకుతో రుద్దాడు. మా కొండల్లో ఉప్పుకాగితం ఆ చెట్టే. తర్వాత ఇప్పనూనె పట్టించి నిప్పుల సెగ చూపించాడు. ఒక కొన కాస్త పక్కకు తిరిగి ఉంటే, వేడి మీదే మోకాలికి ఆనించి సరిచేశాడు. ఆపైన నెల రోజులు పొయ్యి మీది అటక. పొగ పడితే పురుగు రాదు, రంగు తేనెలా తిరుగుతుంది. పని లేనప్పుడు నారి దించే ఉంచాలి. అంబు లేకుండా లాగి వదలకూడదు, ఆ ఊపంతా వెనక్కి వచ్చి వింటినే చీలుస్తుంది.

అంబుల గురించి రెండే మాటలు. కాండానికి సన్న వెదురు, సెగ మీద తిన్నగా చేసింది. అలుగు సంతలో కమ్మరి దగ్గర. పిట్టలకైతే ఇనుము ఉండదు, కొనకు మొద్దుకర్రే.

విత్తనాలు చల్లేముందు వచ్చే విజ్జపండుంకు మగవాళ్లు వేటకు వెళ్లేవారు. వట్టిచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లేవారు. ఇప్పటికీ పండుగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పెట్టి, ఆడి పాడి బండ్లవాళ్ల దగ్గర పండుగ డబ్బులు అడుగుతారు. వేట 1972 నాటి వన్యప్రాణుల చట్టం కింద నేరం, అడవిలో జంతువులూ తగ్గాయి. నేను వేట మళ్లీ రావాలనడం లేదు. చెయ్యి తెలిసిన పని మాత్రం పోకూడదని నా కోరిక. మామ కొత్త వింటితో పిల్లలచేత అరటిబోదెకు గురి పెట్టించాడు. నా మనవరాలు మూడో అంబుకు తగిలించింది.

మాది పోలవరం ముంపు మండలం. మొన్న వేసవిలో మామను ఒక పునరావాస కాలనీ చూపించడానికి తీసుకెళ్లాను. గదులు చూడమంటే చూడలేదు. "వెదురుపొద ఎంత దూరం?" అని అడిగాడు. అక్కడివాళ్లకు తెలియలేదు. ఇంటికొచ్చాక ఏమీ మాట్లాడలేదు. తొలకరి పడ్డ మర్నాడు గడ్డపార పట్టుకుని కొండెక్కి, సాధన వెదురు దుంప ఒకటి వేళ్లతో సహా తవ్వి తెచ్చి, మట్టి పోసి గోనెసంచిలో కట్టాడు. పాతిన చోట పొద కట్టి, కర్ర ముదిరి, వింటికి పనికిరావడానికి ఏడెనిమిదేళ్లని ఆయన లెక్క. సంచి మా వాకిట్లోనే ఉంది. రెండు పిలకలు వేసింది.