గరిడీ నుంచి జిమ్ దాకా

కర్ణాటకలోని మామిడి తోటల ఊరు శ్రీనివాసపురంలో ఇంటి మాట తెలుగు, కచేరీ మాట కన్నడ. ఈ సీమలో కసరత్తు అంటే ఒకప్పుడు గరిడీయే. ఎర్రమట్టి గోదా, మూలన ఆంజనేయుడి పటం, చెమటకు మట్టి అంటిన భుజాలు, దండీలు, బస్కీలు. కుర్రాళ్లను చీకటితోనే లేపింది చందా కాదు, గురువు చూపు.



డబ్బు పట్టు అంత గట్టిది కాదు. జిమ్‌లో ఆరు నెలల చందా ఒకేసారి కట్టినవాళ్లు కట్టిన నెలలో జోరుగా వచ్చి, ఆపై నెమ్మదిగా జారుకున్నారని పరిశోధకులు గూర్విల్, సోమన్ 1998లో చూపారు. నెలనెలా కట్టినవాళ్ల రాక నిలకడగా సాగింది.

2006లో వెలువడిన డెల్లావిగ్నా, మాల్మెండియర్ల అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. నెలకు 70 డాలర్లకు పైగా కట్టిన అమెరికన్లు నెలలో సగటున 4.3 సార్లే జిమ్‌కు వెళ్లారు. ఒక్కో రాకకు 17 డాలర్లు దాటింది. పదిసార్ల పాస్ కొనుంటే రాకకు పది డాలర్లతో సరిపోయేది.