ఖరగ్‌పూరు: నివాసమూ, నిదర్శనమూ

పశ్చిమ మేదినీపూరు జిల్లాలోని ఎర్రమట్టి నేలమీద ఖరగ్‌పూరు రాజధానిగా గాని, పుణ్యక్షేత్రముగా గాని పుట్టలేదు. రైలుమార్గాల కూడలిగా పుట్టినది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడినది. రూపనారాయణ నదిమీద వంతెన పూర్తియై 1900లో హౌరాతో మార్గము కలిసిన పిమ్మట ఊరు వేగంగా పెరిగినది. తూర్పుతీరపు దారి వెంట శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల తెలుగువారు వర్క్‌షాపులో పనికి వచ్చారు. వారు నివాసానికి ఎవరి అనుమతినీ అర్థించలేదు. హాజరుపట్టీలో ఎక్కిన పేరే వారికి ఊరిలో ఉనికి. 1927 సమ్మెలో ఆ పేర్లను నిలుపుకొనుటకే పోరాడిన కార్మికుల పక్షాన వి. వి. గిరి నిలిచారు.

1950 నాటి రాజ్యాంగం పౌరునికి దేశంలో ఎక్కడనైనను స్థిరపడు హక్కు నిచ్చినది. తెలుగువానికి సంశయము తీరినది. అయితే ఆ హక్కు పౌరునిది. పౌరుడెవరన్న ప్రశ్న సరిహద్దు దాటివచ్చినవారి ముందు నిలిచినది.

1948 జూలై 19వ తేదీ ఆ ప్రశ్నకు మొదటి గీత. అంతకుముందు పాకిస్తాన్ నుంచి వచ్చి ఇక్కడనే నివసించినవారిని రాజ్యాంగం పౌరులుగా గుర్తించినది. ఆ పిమ్మట వచ్చినవారు దరఖాస్తు చేసి నమోదు కావలసి వచ్చినది. తూర్పు సరిహద్దున మాత్రం 1952 అక్టోబరు 15 వరకు పాస్‌పోర్టు పద్ధతి లేదు. అంతవరకు కాలినడకన గాని, రైలులో గాని వచ్చినవారికి ప్రయాణమే జరిగినది, పత్రము పుట్టలేదు.

2003 నాటి సవరణ ఈ లోపాన్నే దోషంగా మార్చినది. చెల్లుబాటగు పత్రము లేక ప్రవేశించినవాడు ‘అక్రమ వలసదారు’ అయినాడు. ఎన్ని ఏండ్లు నివసించినను నమోదుకు అర్హుడు కాడు. 2004 డిసెంబరు 3 తరువాత ఇక్కడ పుట్టిన బిడ్డకు సైతం, తల్లిదండ్రులలో ఒకరు అట్టివారైతే జన్మచేత పౌరసత్వము లేదు. 2019 చట్టం మూడు పొరుగుదేశాల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన ఆరు మతాలవారికి మినహాయింపు నిచ్చి, నివాసకాలాన్ని పదకొండేండ్ల నుంచి అయిదుకు తగ్గించినది. నియమావళి 2024 మార్చిలో వెలువడినది. ఆ మతాలలో చేరని ముస్లిములకు ఈ మినహాయింపు వర్తించదు.

గోల్‌బజారులో ముప్పై ఏండ్లుగా కూరలమ్ముకొను ఒక మనిషిని ఊహించుకొనవచ్చును. ఇరుగుపొరుగు సాక్ష్యం అతనికి కలదు. కార్యాలయం కోరునది మాత్రం అతడు వచ్చిన రోజుకు సాక్ష్యము. భయపడి దాటినవాడు రశీదు భద్రపరచుకొని రాడు.

ఈ ఊరిలోనే హిజ్లీ నిర్బంధశిబిరం ఉండెను. విచారణ లేకుండా ఉంచబడినవారిపై 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరుగగా ఇద్దరు మరణించారు. అదే భవనంలో 1951లో సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. రాజ్యము తన గోడల అర్థాన్ని మార్చుకొనగలదు. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము తెలుగును అధికారభాషగా గుర్తింప నిర్ణయించినది. పనికై వచ్చినవారి భాషకు నూరేండ్లు దాటిన పిమ్మటనైనను గుర్తింపు లభించినది. ప్రాణరక్షణకై వచ్చినవారి నివాసానికి ఎన్నేండ్లు చాలునో తేల్చవలసియే ఉన్నది.