ఏటా ఒకసారి మందను లెక్కపెట్టాలి



కిందటి నెల మనవణ్ణి తీసుకుని కోయంబత్తూరు నుంచి కున్నూరు వెళ్లాను. దారిలో తేయాకు తోట అంచున ఒక పెద్ద అడవిదున్న నిలబడి ఉంది. వాడు "తాతా, బైసన్!" అని అరిచాడు. డ్రైవరు తమ్ముడు "కాట్టెరుమై" అన్నాడు. నేను "అడవిదున్న" అన్నాను. ఒక్క జంతువుకు కారులో మూడు పేర్లు పలికాయి. ఇల్లు చేరాక వాడికి చెప్పాను: మనం చూసింది మన అడవిదున్న, అసలు బైసన్ అమెరికా మైదానాలది, దూరపు చుట్టాలే గాని రెండూ ఒకటి కాదు అని. "మరి ఆ బైసన్ కథేంటి?" అన్నాడు. వాడికి చెప్పిన కథే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. కాస్త పొడుగు, ఓపిక పట్టండి. చివర మన సంఘానికి సంబంధించిన మాట ఒకటి ఉంది.

అమెరికా నడిమధ్య ఉత్తరం నుంచి దక్షిణం దాకా వేల మైళ్ల గడ్డి మైదానం. దాన్ని ప్రెయిరీ అంటారు. 1800 ప్రాంతంలో అక్కడ 3 కోట్ల నుంచి 6 కోట్ల దాకా బైసన్లు తిరిగేవని అంచనా. బాగా పెరిగిన మగది 900 కిలోలు తూగుతుంది. అంత బరువుతోనూ గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరిగెత్తగలదు. చలికాలంలో మంచు కప్పితే పెద్ద తలను అటూ ఇటూ ఊపి, మంచు తోసి, కింది గడ్డి మేస్తుంది. లకోటా, షయాన్, బ్లాక్‌ఫీట్ వంటి జాతులకు తిండి, గుడారం, దుప్పటి, పనిముట్టు అన్నీ దాని నుంచే వచ్చేవి.

1870ల్లో రైళ్లు వచ్చాయి. బైసన్ తోలును గట్టి చర్మంగా పదును చేసే పద్ధతి దొరికింది. ఫ్యాక్టరీ యంత్రాల బెల్టులకు ఆ చర్మం కావలసి వచ్చింది. వేటగాళ్లు తోలు ఒలుచుకుని మాంసం అక్కడే వదిలేసేవాళ్లు. తరువాత ఎముకలు కూడా ఏరి ఎరువు కోసం రైలెక్కించారు. మంద పోతే ఆ జాతులు తమంతట తామే లొంగుతాయని సైన్యంలో పెద్దలు లెక్క వేసుకున్నారు. 1874లో బైసన్‌ను కాపాడే బిల్లును పార్లమెంటు ఆమోదించినా అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టలేదు. బిల్లు అలాగే చచ్చిపోయింది. 1880ల చివరికి కోట్లు పోయి వందలు మిగిలాయి. ఒక్క మనిషి ఆయుష్షు కూడా పట్టలేదు.

మరి ఆ వందలు ఎలా మిగిలాయి? వాటిని కాపాడింది ఎవరు?

పుస్తకాల్లో నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. టెక్సస్‌లో చార్లెస్ గుడ్‌నైట్, డకోటాలో స్కాటీ ఫిలిప్, మోంటానాలో మిషెల్ పాబ్లో, చార్లెస్ అలార్డ్. అందరూ పశువుల ఆసాములే. 1905లో అమెరికన్ బైసన్ సొసైటీ ఏర్పడింది. దాని అధ్యక్షుడు హోర్నడే, గౌరవ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. మన సంఘాల లెటర్‌హెడ్ లాగే పెద్ద పేర్లన్నీ పైన ఉన్నాయి.

ఒక్కో మంద మొదలైన ఇంట్లోకి తొంగి చూస్తే వేరే మనుషులు కనబడతారు. గుడ్‌నైట్ ఇంట్లో ఆయన భార్య మేరీ ఆన్, అందరూ మాలీ అనేవారు. వేటగాళ్లు తల్లుల్ని చంపిపోతే అనాథలైన దూడలు అరుస్తుంటే విని ఊరుకోలేక, వాటిని తెచ్చి పెంచుదామని భర్తను ఒప్పించింది ఆవిడే. 1878లో మొదలైన ఆ మంద సంతతే ఈనాటి టెక్సస్ రాష్ట్ర మంద. డకోటాలో స్కాటీ ఫిలిప్ 1901 ప్రాంతంలో మందను కొన్నది డుప్రీ కుటుంబం నుంచి. 1880ల తొలి ఏళ్లలో డుప్రీలు పట్టి తెచ్చిన నాలుగైదు దూడలతో ఆ మంద మొదలైంది. ఆ ఇంటి ఇల్లాలు లకోటా స్త్రీ, గుడ్ ఎల్క్ వుమన్. తన జాతి బతుకు కళ్ల ముందే కరిగిపోతుంటే, ఈ కొన్నింటినైనా కాపాడమని పట్టుబట్టింది ఆవిడేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మోంటానా మంద కూడా పాబ్లో చేతికి రాకముందు కాలిస్పెల్ జాతికి చెందిన లటాటి అనే యువకుడు కొండలు దాటించి తోలుకొచ్చిన దూడలతో మొదలైందని ఆ జాతి పెద్దల నోటి చరిత్ర.

అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు రసీదులో ఉంటాయి. రాత్రి లేచి దూడకు పాలు పట్టినవారి పేరు ఏ రసీదులోనూ ఉండదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

స్కాటీ ఫిలిప్ 1911లో పోయారు. 1914లో ఆయన మంద నుంచి 36 బైసన్లను దక్షిణ డకోటా రాష్ట్రం కొన్నది. బ్లాక్ హిల్స్ కొండల్లో వాటిని వదిలారు. ఆ చోటే 1919లో కస్టర్ స్టేట్ పార్కు అయింది. ఇప్పుడు దాని విస్తీర్ణం 71,000 ఎకరాలు. పార్కు పేరులోనే ఒక గాయం ఉంది. 1868 ఒప్పందం ప్రకారం ఆ కొండలు లకోటాలవి. 1874లో కస్టర్ అనే సైనికాధికారి దండు అక్కడ బంగారం ఉందని చాటింది. 1877లో ప్రభుత్వం కొండలు లాక్కుంది. అది అన్యాయమేనని, పరిహారం ఇవ్వాలని 1980లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డబ్బు వద్దు, కొండలే కావాలని ఆ జాతులు ఈరోజుకూ ఆ సొమ్ము ముట్టలేదు.

మంద మాత్రం పెరిగింది. 36 కాస్తా 1940ల నాటికి 2,500 దాటాయి. మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. కంచె లోపలి నేల పెరగదు. గడ్డి వేళ్ల దాకా మేసేశాయి, నేల బోడిపోయింది. పైగా బ్రూసెల్లోసిస్ అనే జబ్బు పట్టుకుంది. మన పల్లెల్లో చూడి ఆవులు ఈసుకుపోతాయి చూడండి, దాని కారణాల్లో ఇదొకటి. పచ్చిపాల ద్వారా మనుషులకూ అంటుతుంది. మన దేశంలోనూ 2019 నుంచి జాతీయ పథకం కింద 4 నుంచి 8 నెలల పెయ్యలకు దీని టీకా వేస్తున్నారు. కాపాడటం అంటే వదిలేయడం కాదని అప్పుడు పార్కువాళ్లకు అర్థమైంది. కంచె వేసిన రోజే కాపరి బాధ్యత నెత్తిన పడింది.

అలా 1960ల నడుమ నుంచి ఏటా మందను తోలి, దొడ్డిలో చేర్చి, లెక్క చూసే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు సెప్టెంబరు ఆఖరి శుక్రవారం అది పెద్ద తిరునాళ్ల. వేలల్లో జనం తెల్లవారకముందే కొండవాలు మీద చేరతారు. సుమారు 60 మంది రౌతులు గుర్రాలెక్కి, వెంట పికప్ బండ్లతో, కొండ అవతల నుంచి మందను మెల్లగా కదిలిస్తారు. కంగారు పెడితే బైసన్ ఎదురు తిరుగుతుంది. అందుకే దగ్గరికి పోకుండా, పక్కల నుంచి ఒత్తిడి పెడుతూ, అదే తనంతట తాను పోతున్నట్టు తోలాలి. పశువులు కాచినవాళ్లకు ఈ కిటుకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యికి పైగా జంతువులు ఒక్కసారి కొండ దిగుతుంటే నేల అదురుతుంది.

జనం చూసేది అంతవరకే. చప్పట్లు కొట్టి, భోజనాలు చేసి, ఇళ్లకు పోతారు. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. పెద్ద దొడ్డి నుంచి చిన్న దొడ్డికి, అక్కడి నుంచి ఒక్క జంతువు మాత్రమే పట్టే ఇరుకు దారికి మళ్లిస్తారు. చివర ఇనప బోను. అక్కడ ఒక్కోదాన్ని పట్టి నిలిపి చూస్తారు. ఆ ఏడు పుట్టిన దూడలకు వాత వేస్తారు. టీకాలు వేస్తారు. ఆడవాటిలో ఏది చూడి కట్టింది, ఏది కట్టలేదు అని పరీక్షిస్తారు. పెద్ద మగవాటిని చాలావరకు ఈ ఇరుకులోకి లాగరు, అవి తమకూ పక్కవాటికీ దెబ్బలు తగిలిస్తాయి.

తరువాతది కష్టమైన లెక్క. ఇటీవలి ఏళ్లలో వేసవి చివరికి మంద సుమారు 1,400 దాకా ఉంటోంది. దూడలే 400 వరకూ పుడతాయి. చలికాలానికి ఎంత గడ్డి మిగిలిందో చూసి, అంతకు సరిపడా మందనే ఉంచి, మిగతావాటిని వేలం పాటలో అమ్ముతారు. వాన తక్కువైన ఏడు ఎక్కువ అమ్ముతారు. కొన్నవాళ్లు వాటితో వేరేచోట కొత్త మందలు కడతారు. ఆ డబ్బు తిరిగి పార్కు ఖర్చులకే పోతుంది.

మనవాళ్లకు ఇది వింతేమీ కాదు. మన తమిళనాట రాజకంబళ నాయకుల ఊళ్లలో తంబిరాన్ మాడు అని దేవుడి మంద ఉంటుంది. పొలం పనికి కట్టరు, కానీ గాలికీ వదలరు. దానికి కాపరి ఉంటాడు, ఏటా పండుగ ఉంటుంది, ఆ పూట ఊరంతా చేరి మందను చూసుకుంటుంది. కంచె ఉన్నా లేకున్నా ఏడాదికొకసారి మందను కళ్లారా చూసుకోవడం కాపరి ధర్మం.

ఇంకొక్క సంగతి. గుడ్‌నైట్ లాంటివాళ్లు బైసన్‌ను ఆవుతో కలిపి కొత్త జాతి తీయాలని చూశారు. అది పెద్దగా సాగలేదు గాని రక్తం కలిసింది. ఇటీవలి జన్యు పరీక్షల్లో చాలా మందల్లో ఆవు జన్యువుల ఆనవాళ్లు బయటపడ్డాయి. అయినా అవి బైసన్లే. మంచులో తల ఊపి గడ్డి వెతుక్కుంటాయి, దుమ్ములో పొర్లుతాయి, పిల్లల్ని నడుమ పెట్టుకుంటాయి. "మీది తమిళం కలిసిన తెలుగు" అని విజయవాడ చుట్టాలు నవ్వినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. కలిసింది నిజమే. బతికిందీ నిజమే.

మోంటానా కథకు మంచి ముగింపే దొరికింది. తమ భూమిని వలసదారులకు తెరవడంతో మేపే చోటు పోయి, పాబ్లో తన మందను 1907లో కెనడాకు అమ్ముకోవలసి వచ్చింది. వాటిని పట్టి రైలెక్కించేసరికి 1912 వచ్చింది. దాదాపు 700 బైసన్లు దేశం దాటాయి. ఈలోగా 1908లో అదే జాతుల భూమిలో, వాళ్ల అనుమతి లేకుండా, ప్రభుత్వం నేషనల్ బైసన్ రేంజ్ పెట్టింది. కాపాడినవాళ్లే కంచె బయట నిలబడ్డారు. వాళ్లు వదల్లేదు. 2020 డిసెంబరులో చట్టం చేసి ఆ నేలను సేలిష్, కూటెనాయ్ జాతులకు తిరిగి ఇచ్చారు. 112 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన మాట.

మన సంఘానికీ ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం ఉంది. అది మన రౌండప్ అనుకోండి. జనం వస్తారు, చప్పట్లు కొడతారు, భోజనాలు బాగుంటాయి. ఇరుకు దారి పని మాత్రం మనం చేయడం లేదు. మన సభ్యుల పుస్తకం మొన్న మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. ఒక్కో ఇంటికి ఒక్కో పేరే ఉంది, ఇంటి యజమానిది. ఆయన ఫోను నంబరు, చందా కట్టిన తేదీ. అంతే. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది ఎందరు? చదవగలిగేది ఎందరు? పిల్లలు ఏ వయసులో మానేశారు? ఏదీ లేదు. ఎన్ని కుటుంబాలున్నామో గర్వంగా చెప్పుకుంటాం. ఎన్ని ఇళ్లలో తెలుగు ఉందో మనలో ఎవరికీ తెలియదు.

ఆ పుస్తకంలో మా అమ్మ పేరు కూడా లేదు. మా నాన్న సంఘానికి రెండుసార్లు కోశాధికారి, ఆయన ఫోటో గోడమీద ఉంది. మా వీధిలో పదిమంది పిల్లలకు సాయంత్రం పూట పలక మీద ఓనమాలు దిద్దించింది అమ్మ. వాళ్లలో ఇద్దరు నేటి కార్యవర్గంలో ఉన్నారు. ఈ వ్యాసం నేను తెలుగులో రాయగలుగుతున్నదీ ఆ పలక వల్లే. తప్పు ఎవరిదో అనడం లేదు. పుస్తకం సరిచూసే వంతు మూడేళ్లు నాదే, నాకూ తోచలేదు.

సంక్రాంతి కలయికకు వచ్చేటప్పుడు ప్రతి ఇంటివారూ ఒక కాగితం రాసి తెండి. ఇంట్లో తెలుగు ఎవరెవరికి వచ్చు, ఎవరికి చదవను వచ్చు, ఎవరికి రాదు. మీ ఇంట్లో తెలుగు నేర్పింది ఎవరు, ఆవిడ పేరు ఏమిటి, పుట్టిల్లు ఏ ఊరు. సిగ్గుపడకండి. "మా ఇంట్లో ఎవరికీ రాదు" అని రాసినా అది లెక్కలోకి వస్తుంది, ఏ ఇంటికి ఏం కావాలో తెలుస్తుంది. కాగితాలు తీసుకుని పుస్తకంలో ఎక్కించే పని నాది. మనవడు సాయం చేస్తానన్నాడు. వాడికి తెలుగు చదవడం ఇంకా సగమే వచ్చు, ఆ సంగతి మా ఇంటి కాగితంలో ముందే రాసుకున్నాను. నేర్పినవారి చోట అమ్మ పేరు రాశాను.