ఎడారిలో సత్రం

సత్రానికి వచ్చినవాడు ఎప్పుడో ఒకప్పుడు మూట సర్దుకుని వెళ్ళవలసిందే. అది లోకరీతి. కాని కట్టడం మొదలెట్టినవాడూ, కొనుక్కున్నవాడూ, వాడి దగ్గర కొనుక్కున్నవాడూ కూడా బాటసారుల్లాగే వరసగా దారిపట్టిన సత్రం ఒకటుండేది. అమెరికాలో, జూదానికి పెట్టింది పేరైన లాస్ వేగాస్‌లో. దాని పేరు ‘డెజర్ట్ ఇన్’. అంటే అచ్చంగా ఎడారి సత్రమే!

దీనికి ఆద్యుడు విల్బర్ క్లార్క్. కుర్రతనంలో హోటల్లో సామాన్లు మోశాడు, పాచికల బల్ల దగ్గర నౌకరీ చేశాడు. సొంతంగా ఓ హోటలు కట్టాలని ముచ్చటపడి 1947లో పని మొదలెట్టాడు. ఇల్లు కట్టి చూడమని మనవాళ్ళు ఊరికే అనలేదు గదా! సగంలోనే డబ్బయిపోయింది. మొండిగోడలు ఎడారి ఎండకి ఎండుతూ నిలబడ్డాయి.

1949లో ఆదుకోవడానికి క్లీవ్‌లాండ్ నుంచి మో డాలిట్జ్ బృందం వచ్చింది. మద్యనిషేధం రోజుల్లో దొంగసారా రవాణా చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్న బాపతు. ముప్పాతిక వంతు వాటా వాళ్ళు తీసుకున్నారు. 1950 ఏప్రిల్ 24న తలుపులు తెరిచేసరికి బోర్డు మీద మాత్రం ‘విల్బర్ క్లార్క్స్ డెజర్ట్ ఇన్’ అనే ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది! ఆ ఏడాది నవంబరులోనే సెనేటర్ కీఫావర్ సంఘం ఊళ్ళో దిగి, నీ భాగస్వాములు ఎటువంటివాళ్ళో నీకు తెలీదా అని క్లార్క్‌ని నిలదీసింది. పాపం, నవ్వుతూ అతిథులకి చెయ్యి కలపడం ఆయన వంతు, లెక్కలు చూసుకోవడం వాళ్ళ వంతు.

వైభవానికి మాత్రం లోటు లేదు. ఫ్రాంక్ సినాట్రా లాస్ వేగాస్‌లో మొట్టమొదట పాడింది 1951లో ఇక్కడే. అదే ఏడాది నెవాడా ఎడారిలో అణుబాంబు పరీక్షలు మొదలైతే, అతిథులు మేడమీది ‘స్కై రూం’లో గ్లాసులు పట్టుకుని ఆ వెలుగుని తిలకించేవారట. వేడుక చూడండి! క్లార్క్ తన మిగిలిన వాటా 1964లో అమ్మేసుకుని, మరుసటేడు కన్నుమూశాడు.

అసలు తమాషా ఇక్కణ్ణించి. 1966 నవంబరులో ఓ రాత్రి హోవర్డ్ హ్యూస్ రైలు దిగాడు. విమానాలు తయారుచేసినవాడు, సినిమాలు తీసినవాడు. ఆ ఏడాదే ఓ విమాన కంపెనీలో వాటాలమ్మితే 54 కోట్ల 60 లక్షల డాలర్లు చేతికొచ్చాయి. పరివారంతో సహా పై రెండంతస్తులూ ఆక్రమించాడు. చిక్కేమిటంటే, ఆయన జూదమాడడు, పరివారమూ ఆడదు. జూదపు హోటలుకి గది అద్దె ఓ లెక్కా? పెద్ద జూదగాడికి మంచి గది ఊరికే ఇచ్చి, కింద బల్ల దగ్గర పదింతలు గుంజుకోవడం అక్కడి కిటుకు. కొత్త సంవత్సరానికి పెద్ద చేతులు దిగుతున్నాయి, ఖాళీ చెయ్యండి మహాప్రభో అన్నారు. ఆయన గది ఖాళీ చెయ్యలేదు, హోటలే కొనేశాడు! 1967లో, సుమారు 1 కోటి 32 లక్షల డాలర్లకి.

కొన్నవాడు అనుభవించాడా అంటే అదీ లేదు. నాలుగేళ్ళూ తెరలు దించుకుని ఒక్క గదిలో గడిపాడు. ఆయన వ్యవహారాలన్నీ నడిపిన రాబర్ట్ మాహ్యూ సైతం ఆయన్ని ఎదురుగా చూసి ఎరగడు. అంతా చీటీలూ, ఫోనులే. వెనకటి అతిథులు వినోదంగా చూసిన ఆ అణుపరీక్షలంటే ఈయనకి హడలు. 1968లో ఆపమని సాక్షాత్తూ ప్రెసిడెంటుకే ఉత్తరం రాశాడు. ఆగలేదు. 1970 నవంబరులో రాత్రికి రాత్రి స్ట్రెచరు మీద వెళ్ళిపోయి, 1976లో పోయేదాకా మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అయినా ఒక సంగతి చెప్పుకోవాలి. అంతటి కోటీశ్వరుడు వరసగా హోటళ్ళు కొనేసరికి, దొంగసారా వాసన వదిలి జూదం పెద్దమనుషుల వ్యాపారమైంది. 1969 నాటి చట్టం పెద్ద కంపెనీలకి తలుపులు బార్లా తెరిచింది.

తరవాతంతా చేతులు మారడమే. 1988లో కిర్క్ కెర్కోరియన్, 1993లో షెరటన్ వారు. ఈ షెరటన్ వారు 1997లో 20 కోట్ల డాలర్లు పోసి హోటలుకి కొత్త సొగసులు దిద్దారు. మూడేళ్ళు తిరక్కుండానే, 2000లో, స్టీవ్ విన్ 27 కోట్లిచ్చి కొన్నాడు. కొన్నది హోటల్ని కాదు, కిందనున్న నేలని! ఏప్రిల్లో స్వర్ణోత్సవం, ఆగస్టు 28న తాళం. అతిథికి మరో హోటలుంటుంది. ఏళ్ళ తరబడి పక్కలు వేసిన చేతులకీ, పళ్ళాలు మోసిన చేతులకీ ఇంకో గుమ్మం వెతుక్కోవడం అంత సులువా? 2001లో మందుగుండు పెట్టి ఒక భవనాన్ని, 2004లో మిగిలినవాటిని నేలకూల్చారు.

అక్కడే 270 కోట్ల డాలర్లతో 2005లో ‘విన్ లాస్ వేగాస్’ లేచింది. ఈసారి బోర్డు మీద అసలు యజమాని పేరే గదా అనుకున్నారు. 2018లో ఆయన మీద స్త్రీలని వేధించాడన్న ఆరోపణలొచ్చాయి. ఆయన కాదన్నాడు గాని, పదవి వదిలి, వాటాలన్నీ అమ్ముకుని పోయాడు. బోర్డు మీద పేరు మాత్రం అలాగే ఉంది.

జూదంలో ఆడేవాడు ఓడతాడు, ఆడించేవాడు గెలుస్తాడు అంటారు. ఆడించినవాళ్ళ వరస ఇదీ! ఎడారి సత్రం పేరు పక్కనున్న రోడ్డుకి ఇంకా మిగిలింది. దాని మీద మాత్రం ఎవరూ ఆగరు.